నా గొంతు బాగానే ఉంది

చిరంజీవి మాన్‌సిక్‌ను అమ్మ దీవించి రాయించేదేమంటే, ఇక్కడ యంగ్సాన్‌పోలో అన్నయ్య, వదిన, పిల్లలు, నేను క్షేమంగానే ఉన్నాం. నీ ఉత్తరం వచ్చేదాకా ఇంకా క్షేమంగా ఉన్నాం. సియోల్‌లో నీకు వేళకు తిండి, వెచ్చని గది దొరుకుతున్నాయని తలుస్తాను.

రాస్తున్నది మీ హంప్యోంగ్ వదిన. నాకు అక్షరమ్ముక్క రాదు గనుక, చెప్పింది చెప్పినట్టు రాయమని కూర్చోబెట్టాను. మధ్యమధ్య కలం ఆపి, "ఈ మాట కాస్త మెత్తగా రాద్దామా అత్తయ్యా?" అంటోంది. "మెత్తగా ఉండటానికి ఇదేమన్నా పళ్ళు లేనివాళ్ళ జావా? రాయి" అన్నాను. కనుక ఇందులో ఎక్కడైనా మర్యాద కనిపిస్తే అది మీ వదినది, నాది కాదు.

అడిగినవాటికి ముందు జవాబు చెబుతాను. మోకాలు చలికి పట్టేస్తోంది, ఎండకు వదులుతోంది. వంటింటి పైకప్పు అన్నయ్య బాగుచేయించాడు. చలికాలం కిమ్చీ పెట్టేశాం. ఈసారి ఆవాకుతో కూడా ఒక జాడీ పెట్టాను, నీకు పంపుతాను. దాని ఘాటుకు పక్కగదివాడు ఏమంటాడోనని మూత బిగించుకు కూర్చోకు.

ఇక నువ్వు అడిగిన పెద్ద సంగతి. వచ్చే నెల పెళ్ళికూతురి వాళ్ళతో పెళ్ళి మాటలకు కూర్చున్నప్పుడు, మా అమ్మకు గొంతు పట్టేసిందని నువ్వు చెబుతావు. నేను తలవంచుకుని నవ్వుతూ ఉండాలి. మనది తరతరాలుగా సియోలేనని ఆ దేగూవాళ్ళకు చెప్పేశావు గనుక, నేను నోరు తెరిస్తే మన జొల్లా యాస బయటపడుతుంది గనుక. పెళ్ళి విందుకు మాగేసిన టేకుచేప తేవద్దు, ఆ వాసనకు గుట్టు రట్టవుతుంది. ఇదే కదా నువ్వు రాసింది? మీ వదిన చదువుతూ చదువుతూ ఆగిపోయింది. ఏమైందంటే, "ఇక్కడ సిరా చెదిరింది అత్తయ్యా" అంది. సిరా ఎక్కడా చెదరలేదు. చదవడానికి దానికి సిగ్గేసింది.

నీ కష్టం నాకు తెలియదనుకోకు నాన్నా. నువ్వు సియోల్ వెళ్ళిన కొత్తలో, అద్దెగది చూపించిన ఆవిడ "మీది ఏ వైపు బాబూ?" అని అడిగి, విని, తలుపేసుకుంది. కొండకు ఆవలి గ్యోంగ్‌సాంగ్‌వాళ్ళు, ఆ దేగూ వైపువాళ్ళే, ఉద్యోగంలో నీ తర్వాత చేరి నీ పైన కూర్చున్నారు. టీవీ పెడితే దొంగ, రౌడీ, ఎవరింట్లోనో అంట్లు తోమేది, వీళ్ళే మన యాస మాట్లాడతారు. డాక్టరు ఒక్కడూ మాట్లాడడు. మనం నోరు తెరిస్తే జనం జేబులు తడుముకుంటారు. అందుకే నువ్వు సర్కారు కచేరీకి పోయి కాగితాల్లో మూలనివాసం సియోలని మార్పించుకున్నప్పుడు ఒక్క మాట అనలేదు. కాగితం నాకు చదవడం రాదు, దాని మీద ఏ ఊరుంటే నాకేం? కానీ ఇప్పుడు నువ్వు మార్చమంటున్నది కాగితాన్ని కాదు, నన్ను.

నాకు మా అమ్మానాన్న పెట్టిన పేరొకటి ఉండేది. ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. హుక్సాన్ దీవి నుంచి వచ్చి పెళ్ళికూతురిగా ఈ రేవులో పడవ దిగిన రోజు నుంచి ఈ ఊరికి నేను హుక్సాన్ ఆవిడనే, మీ వదిన హంప్యోంగ్ ఆవిడ అయినట్టు. మీ నాన్న కోపంలోనూ అలాగే పిలిచాడు, పోయేముందు మంచినీళ్ళు అడిగినప్పుడూ అలాగే పిలిచాడు. ఆడదానికి మన దగ్గర పుట్టిన ఊరే పేరు. నన్ను ఊరు దాచుకోమంటే, ఇక నేనెవర్నని చెప్పుకోవాలిరా? ఆ విందు సంగతంటావా, టేకుచేప లేని పెళ్ళికి వెళ్ళొచ్చి తిన్నామని చెప్పుకున్నవాళ్ళు మన వైపు ఎవరైనా ఉన్నారా? మీ అన్న పెళ్ళిలో ముక్కలు చాల్లేదని మీ మేనత్త ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

ఇంతదాకా ఒక మాట దాచాను. కోపం వస్తే రానీ. పోయినవారం నేను దేగూ వెళ్ళొచ్చాను.

బోర్డులు చదవడానికి మీ వదినను తోడు తీసుకెళ్ళాను. టేకుచేప జాడీ గుడ్డలో మూటగట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. అంత చలిలోనూ బస్సులో కిటికీలన్నీ తెరుచుకున్నాయి. నువ్వు చేసుకోబోయే హేరన్ వాళ్ళది సంతలో పరుపుల కొట్టని నువ్వే రాశావుగా, అడుగుతూ పోయాం. కొట్టులో వాళ్ళమ్మ ఉంది. పొట్టి మనిషి, కొలబద్ద చేత్తో పట్టుకుని పోలీసులా నిలబడింది.

"ఏం కావాలమ్మా? పెళ్ళి పరుపులా?"

"పరుపులు కాదు. నేను పెళ్ళికొడుకు తల్లిని."

ఆవిడ నా మొహం చూసింది. జాడీ చూసింది. ముక్కు మూసుకుంది. "మీరు కూర్చోండి. అది బయట పెట్టండి."

"అదీ నేనూ కలిసి వచ్చాం. కలిసే కూర్చుంటాం."

కూర్చున్నాం. ఆవిడ మాట కొలబద్దలాగే తిన్నగా ఉంది. "మా వైపు అంటారు, మీవాళ్ళు ముందు నవ్వి వెనక పొడుస్తారని."

"మా వైపూ అంటారు, మీవాళ్ళు పలకరించినా పోట్లాటలాగే ఉంటుందని. మీకు వంట రాదని కూడా."

"వంట రాదా? ఎవరా మాటన్నది?"

"నేనే అంటుంటాను."

ఆవిడ పెదవి కొంచెం వంకర తిరిగింది. నవ్వో కాదో చెప్పలేను. తర్వాత చెప్పింది: "మీవాడు సియోల్‌వాడు కాదని మొదటి రోజే తెలుసు. పంది పేగు కూరి ఉడికించిన ముక్కలు పెట్టాను. సియోల్‌వాళ్ళకని పక్కన ఉప్పు పెట్టాను, మేం తినే సోయా ముద్ద కూడా పెట్టాను. రెండూ వదిలేసి, 'అమ్మగారూ, పుల్లకారం ఉందా?' అన్నాడు. దాన్ని పుల్లకారంలో అద్దుకుని తినేది ఈ దేశంలో మీ జొల్లావాళ్ళే."

చూశావా? యాస మింగావు, ఊరు మింగావు, ముక్క మాత్రం పుల్లకారం లేకుండా మింగలేకపోయావు. నా చేతి తిండి తిన్నవాడివి మరి.

"తెలిసీ ఎందుకూరుకున్నారు?" అన్నాను.

"తనే చెబుతాడేమోనని. మీవాళ్ళంటే మా ఆయనకు పడదు. నాకూ పెద్దగా పడదు, అబద్ధమెందుకు? కానీ పిల్ల అతన్నే చేసుకుంటానంటోంది. జొల్లావాడికి ఇస్తానేమో గానీ, కన్నతల్లిని దాచినవాడికి ఎలా ఇవ్వను? రేపు నా పిల్లను ఎక్కడ దాస్తాడో?"

అక్కడ మాత్రం నేను తలవంచుకున్నాను. నమ్మకపోతే మీ వదినను అడుగు.

అంతలో హేరన్ నాన్న లోపలికొచ్చాడు. వీధిలోంచే నా గొంతు విన్నట్టున్నాడు. నన్ను కాదు, పెళ్ళాన్ని అడిగాడు: "జొల్లా మనిషా?"

ఆవిడ కొలబద్ద వైపు చూసింది. నేనే లేచాను. "అవునండీ. హుక్సాన్‌లో పుట్టాను, యంగ్సాన్‌పోలో టేకుచేప అమ్ముతాను. మీ అమ్మాయిని అడుగుతున్న మాన్‌సిక్ నా కొడుకే. వాడూ అక్కడే పుట్టాడు."

ఆయన తిరిగి చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

అదీ జరిగింది. నువ్వు దాచడానికి ఇంకేమీ మిగల్లేదు. నేను మిగల్చలేదు. తప్పయిందని మాత్రం అనను.

ఆవిడ బస్సు దాకా సాగనంపింది. జాడీ మూత తెరిపించి ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. కళ్ళలో నీళ్ళు జలజలా కారాయి, కానీ ఉమ్మలేదు. "ఇది తిండా, శిక్షా?" అంది. "రెండూ" అన్నాను. తనూ ఒక పొట్లం ఇచ్చింది. ఉప్పులో ఊరిన సొరచేప. అది లేకుండా వాళ్ళు పోయిన పెద్దలకు పళ్ళెం పెట్టరట. బస్సులో తిని చూశాను. ఉప్పు తప్ప ఇంకేం లేదు. వంట సంగతిలో నా మాట వెనక్కి తీసుకోను. కానీ పెళ్ళంటూ జరిగితే అదీ మన చేప పక్కనే ఉంటుంది, నేనే వడ్డిస్తాను.

"మీ ఊళ్ళో మిమ్మల్ని ఏమని పిలుస్తారు?" అని అడిగింది. చెప్పాను. బస్సు కదిలాక కిటికీ పక్కన నడుస్తూ ఒక్క కేక పెట్టింది: "హుక్సాన్ ఆవిడగారూ! మీవాణ్ణి మా ఆయన దగ్గరికి పంపండి! వాణ్ణే నోరు తెరిచి చెప్పమనండి!" దేగూ బస్టాండు మొత్తం తిరిగి చూసింది. చూడనీ.

కనుక ఒరేయ్, మాటలరోజు దాకా ఆగకు. ఈ ఆదివారమే వెళ్ళు. ఆయన ముందు కూర్చుని మన యాసలోనే చెప్పు, ఏ ఊళ్ళో పుట్టావో, ఎవరి కొడుకువో. పిల్లనివ్వనంటాడేమో. అంటే నీకు గుండె పగులుతుంది, నాకు తెలుసు. అయినా తలుపేస్తే నీ మొహం మీదే వేయనీ. లేని సియోల్‌వాడికి తెరిస్తే నీకేం లాభం? నువ్వు వెళ్ళకపోయినా మాటలరోజున నేను మాత్రం వస్తాను. పెద్ద చేపను గడ్డి పరిచి జాడీలో మాగేశాను. విందునాటికి ముక్కులు అదిరేలా తయారవుతుంది.

"ఇంత గట్టిగా ముగిద్దామా అత్తయ్యా?" అంటోంది మీ వదిన. నా గొంతు బాగానే ఉందని రాసి ముగించమన్నాను.

ఇట్లు,
మీ అమ్మ,
హుక్సాన్ ఆవిడ