దుంపతో సహా

చిరంజీవి సెమ్వాంగాను మీ అమ్మ దీవించి రాస్తున్నది. చిరంజీవి అని రాయడానికి ఈసారి చెయ్యి ఆడలేదు. ఎందుకో ఉత్తరం చివరికి నీకే తెలుస్తుంది. ఇక్కడ మేమంతా క్షేమం. అంటే ఊపిరి ఆడుతోంది, పొయ్యి వెలుగుతోంది, తమ్ముడు కబూయె ఇంట్లో ఉన్నాడు. ఈ ప్రెసిడెంటు ఏలుబడిలో అంతకు మించిన క్షేమం ఎవరికీ లేదు. సరిహద్దు దాటి టాంజానియాకు పోయి, దారెస్ సలాంలో తలదాచుకున్న నువ్వూ, నీతోటివాళ్ళూ క్షేమమని తలుస్తాను.

ఎండుచేపల మూటలో నువ్వు పెట్టి పంపిన ఉత్తరం చేపలమ్మే ముసోకే తెచ్చి ఇచ్చాడు. అరటితోట బాగానే ఉంది, పురుగు పట్టలేదు. నీ కూతురు నాముద్దుకు ముందుపళ్ళు రెండూ ఊడాయి. నీ భార్య చిక్కిపోయింది. ఉప్పు దొరికితే పండగ, సబ్బు సంగతి మరిచిపోయాం. ఇక నువ్వు ముచ్చటపడి అడిగావు చూడు, "అమ్మా, రేడియోలో నా గొంతు బాగా వినిపించిందా?" అని.

బాగా వినిపించింది నాయనా. నీ పేరు, చచ్చిపోయిన మీ నాన్న పేరు, ఊరి పేరు అన్నీ వరసగా చెప్పుకుని మరీ ప్రెసిడెంటును దించేస్తామన్నావు కదా! ఇక్కడి సైనికుల బ్యారక్స్‌లో కూడా అంతే బాగా వినిపించింది. మూడో రోజు జీపు వచ్చింది. కబూయెను బళ్ళో పాఠం చెబుతుండగానే పట్టుకుపోయారు. చేతిలో సుద్దముక్క కూడా కింద పెట్టనివ్వలేదట. నేను బ్యారక్స్ గేటు దగ్గర కూర్చుని ఏడుస్తుంటే కెప్టెన్ వచ్చి అన్నాడు:

"ముసల్దానా, నీ పెద్దోడొచ్చి లొంగిపోతే చిన్నోణ్ణి వదిలేస్తాం. రాలేదనుకో, ఇద్దర్నీ మర్చిపో."

ఇవేవీ నీకు తెలియవు. నాకు తెలుసు నీకు తెలియవని. నేను ముసోకే చేత మీ కమిటీకి కబురు పంపాను. మీ నాయకుడు ఆ లాయరుగారు నీదాకా రానివ్వకుండా తనే జవాబు రాశాడు. "అమ్మగారూ, దేశ విముక్తికి ప్రతి ఇల్లూ ఏదో ఒకటి ఇచ్చుకోవాలి. ఇప్పుడు చెబితే శిక్షణలో ఉన్న మీ అబ్బాయి మనసు చెదురుతుంది" అని. ఆయన పెళ్ళాం పిల్లలు లండన్‌లో ఉన్నారట కదా! పక్కింటి కోడిని కోసి పండగ చేసుకునేవాణ్ణి చూశాను గానీ, పక్కింటి కొడుకుని ఇచ్చి పండగ చేసుకునేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను. పైగా ఆర్థిక మంత్రి ఎవరన్న దగ్గర తగాదా వచ్చి మీ కమిటీ రెండుగా చీలిందని నువ్వే రాశావు. ఆలూ లేదు, చూలూ లేదు. ఇక్కడ ప్రెసిడెంటు కుర్చీ కాలు కూడా కదల్లేదు, అక్కడ మీరు కుర్చీల కోసం కొట్టుకుంటున్నారు. నీ ఉత్తరం చదివి పొయ్యిలో పెడుతుంటే ఒళ్ళంతా మండింది.

మీ కమిటీ తన దారి తను చూసుకుంది. నా దారి నేను చూసుకున్నాను. నిన్ను చంపేశాను.

నువ్వు టాంజానియాలో జ్వరం వచ్చి పోయావని చేపలవాడు కబురు తెచ్చాడని ఊరంతా చెప్పాను. రేడియోలో చావుకబుర్లు చదివేచోట నీ పేరూ చదివించాను. శవం రాలేదు కాబట్టి మన ఆచారం ప్రకారం అరటి బోదెకు చెట్టుబెరడు బట్ట చుట్టి, మీ నాన్న పక్కన గొయ్యి తీసి పాతించాను. నీ భార్యకు మాత్రం ముందే చెప్పాను. అది నా మీద విరుచుకుపడింది.

"బతికున్న మనిషికి బోదె పాతితే చావు వెతుక్కుంటూ పోతుందంటారే! నువ్వు కన్నతల్లివా, దయ్యానివా అత్తా?"

"ఒకడు చేతికి అందడు, ఒకడు గేటు లోపలున్నాడు. లోపలున్నోడి కోసం దయ్యాన్నే అవుతా" అన్నాను.

కెప్టెన్ పాతిపెట్టేవేళకు వచ్చాడు. వాడిది మన ప్రాంతం కాదు. "అరటిచెట్టుకి కర్మ చేస్తున్నారా? నాటకాలా?" అని నవ్వాడు. అప్పుడు మన వంశపు పెద్ద మటాయో తాత కర్ర ఊతంతో లేచాడు. పాపం, ఆయనకేమీ తెలియదు.

"బాబూ, నీకు తుపాకీ ఉంది, మాకు ఆచారం ఉంది. బతికున్న కొడుక్కి బోదె పాతే తల్లి ఈ దేశంలో ఇంకా పుట్టలేదు. ఆ తల్లిని చూసి ఆ మాట అను" అన్నాడు.

కెప్టెన్ నన్ను చూడలేదు. నాముద్దును చూశాడు. దానికి ఏడేళ్ళు, నోట్లో మాట నిలవదు, అందుకని దానికి చెప్పలేదు. అది గోతి అంచున బోర్లాపడి "నాన్నా, లే, మట్టేస్తున్నారు" అని ఏడ్చిన ఏడుపుకు వాడు టోపీ తీశాడు. కబూయెను విడిపించింది నేను కాదు, నీ కూతురి ఏడుపు. దాన్ని ఏడిపించి తమ్ముణ్ణి తెచ్చుకున్నాను. ఆ పాపం నాది. ఆ పాపంలో నీకూ, మీ లాయరుకూ, ఆ ప్రెసిడెంటుకూ కూడా వాటా ఉంది.

కబూయె ఒక చెవి వినిపించకుండా వచ్చాడు. వచ్చాడు, అది చాలు. కెప్టెన్ మాత్రం నిన్ను తనే మనుషుల్ని పంపి చంపించానని పైకి రాసుకుని, భుజం మీద ఇంకో చుక్క పెట్టించుకున్నాడు. ఇది బాగా గుర్తుపెట్టుకో. వచ్చే నెల మళ్ళీ రేడియోలో మాట్లాడతానని రాశావు. నీ గొంతు ఒక్కసారి వినిపించిందంటే వాడి అబద్ధం బయటపడుతుంది. వాడు మమ్మల్ని ప్రశ్నలడగడు, తిన్నగా కాలుస్తాడు. కాబట్టి నువ్వు మాట్లాడకు. నీ గొంతు పట్టిన పాత రికార్డులుంటే నీ చేతులతో విరగ్గొట్టు. లాయరుగారికి అంత గొంతు కావాలంటే ఆయన గొంతు ఆయనకుంది, ఆయన పేరు చెప్పుకుని మాట్లాడమను.

ఇంకో మాట ఉంది. ఇది కోడలికి కూడా చెప్పలేదు.

బోదెను నరకడానికి మగవాళ్ళు కత్తి తీస్తే, తల్లిని నేను, నేనే తెస్తానని ఒక్కదాన్నే తోటలోకి వెళ్ళాను. నరకలేదు. గునపంతో పెళ్ళగించాను, దుంపతో సహా. అడుగున బెరడు బట్ట మందంగా చుట్టాను, ఎవరూ చూడలేదు. నరికిన బోదె మట్టిలో కుళ్ళుతుంది, దుంప ఉన్నది కుళ్ళదు, బతుకుతుంది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ అరటితోటలో బతికినదాన్ని, ఆ తేడా నాకు తెలియదా? చావుకు నిన్ను అప్పగించడానికి నాకు చెయ్యి రాలేదు.

మొన్న వానలకు నీ సమాధి మీద పిలక వచ్చింది. ముందు చూసింది నాముద్దే. "నానమ్మా, నాన్న దగ్గర అరటి మొలిచింది!" అని గంతులేసింది. ఊళ్ళో పెద్దలు చూస్తే దుంప సంగతి ఇట్టే పసిగడతారు. దాని నోరు మూసి, దాని కళ్ళముందే పిలకను కోసేశాను. అప్పటినుంచీ అది నాతో మాట్లాడటం లేదు. పిలక మళ్ళీ వచ్చింది, మళ్ళీ కోశాను.

ఇక రేడియోలో రాకు. వచ్చేవాడివైతే కాళ్ళతో రా, కుర్చీల తగాదా తేలేదాకా ఆగకుండా నోరు మూసుకుని రా. వచ్చి, ఆ పిల్ల ముందు నిలబడు. నా మాట అది ఇక నమ్మదు. ఈ ఉత్తరం చదవగానే కాల్చెయ్.

ఇట్లు,
నీ సమాధి దగ్గర కత్తి పట్టుకుని కాపలా కూర్చున్న
మీ అమ్మ