పసుపు రాసిన వాల్వు

ఏఈ గారికి,

ఫోనులో చెప్పే ధైర్యం లేక ఈ ఉత్తరం పంపుతున్నాను. నిన్న ఆయుధపూజకి, టాంకర్లు నింపే చోట ఉన్న తాగునీటి వాల్వుకీ, తోటల నీటి వాల్వుకీ నేనే పసుపు రాసి బొట్లు పెట్టాను. శుద్ధిచేసిన మురుగునీరు తోటలకి పంపే వాల్వుకి మీరు వేయించిన ఊదారంగు ఆ పసుపు కింద కనబడలేదు. పొద్దున టాంకరు డ్రైవరు అసిరయ్య, "రెండూ ఒక్కనాగే ఉన్నాయి, ఏది తిప్పమంటావు బాబూ?" అనడిగితే, చూడకుండానే ఎడమది చూపించాను.

తర్వాత పసుపు కడిగితే ఊదారంగు బయటపడింది. అప్పటికే ఆ నీళ్లు సముద్రపొడ్డు పేటలో తాగునీటి తొట్టెలో పోసేశాడు.

నిజం చెబుదామనే అక్కడికి వెళ్లాను. చేపలమ్మే బుల్లమ్మ ఎదురొచ్చి, "ఇయాల నీలు మా బాగున్నాయి బాబూ, మందు వాసనే లేదు. పిల్లలు సెంబులకి సెంబులు తాగుతన్నారు. రోజూ ఇయ్యే పంపించు" అంది. తోటల నీళ్లలో మనం క్లోరిన్ కలపం, అది మీకు తెలుసు.

ఎండనపడి వచ్చానని నాకూ ఒక చెంబు ఇచ్చింది. పేటంతా చూస్తుంటే తాగేశాను.

నేను చెప్పలేనిది మీరు వచ్చి చెప్పండి. డాక్టరుని వెంటబెట్టుకుని రండి. నేను వచ్చేసేటప్పటికి తొట్టెలో ఇంకా సగం నీళ్లు ఉన్నాయి.

ఇట్లు,
మీ పంపు ఆపరేటరు