నాకు చెప్పకుండా చేసిన రెండో ఆపరేషన్

మంగళవారం, ఏలూరు

నిన్న ఆయన గుండెకి ఆపరేషన్ చేశాక లోపల నెత్తురు ఆగలేదట. ఛాతీకి పెట్టిన గొట్టాల్లోంచి కారిపోతూనే ఉంటే, పొద్దున్న మళ్లీ థియేటర్‌కి తీసుకెళ్లి, కుట్లు విప్పి, కారుతున్న చోట ఆపారట. ఆ సమయంలో నేను కింద క్యాంటీన్లో ఇడ్లీ తింటున్నాను. "ఏదో స్కానింగంట వదినగారూ, మీరు టిఫిన్ చేసి రండి" అని మరిది పంపించాడు. ఆయన పోయుంటే, నేను చట్నీ వేయించుకుంటుండగా పోయేవారు.

మధ్యాహ్నం డాక్టరుగారు వచ్చి, "రెండోది కూడా తట్టుకున్నారమ్మా" అంటే నాకు ముందు అర్థమే కాలేదు. అర్థమయ్యాక మరిది మీద అందరి ముందూ అరిచేశాను.

"మీరు కంగారు పడతారని..."

"నా మొగుడి ఛాతీ మళ్లీ తెరుస్తుంటే నేను కంగారు పడకూడదా? అది నువ్వు తేల్చాలా?"

అతను తల దించుకుని, "అన్నయ్యే మాట తీసుకున్నాడండీ. ఏం జరిగినా మీకు చెప్పొద్దన్నాడు" అన్నాడు.

కోపమంతా ఆయన మీదికి తిరిగింది. ఆపరేషన్‌కని తాడేపల్లిగూడెంలో రైలెక్కాక నా పక్కనే కూర్చుని నవ్వుతూ కబుర్లు చెప్పిన మనిషి!

సాయంత్రం ఐసీయూలోకి పంపారు. కళ్లు తెరిచి నా చెయ్యి వెతుక్కున్నారు. ఇచ్చాను. ఆ చెయ్యి వదలకుండానే, ఆయన వినేటట్టు నర్సుతో అన్నాను, "ఇకనుంచి ఏం జరిగినా ముందు నాకే చెప్పండమ్మా."

ఆయన కళ్లు మూసేసుకున్నారు. మూసుకోనీ. ఇంటికి రానీ, అడుగుతాను.