ఎవరూ తెరవని ఫొటోలు

మంగళవారం, రాత్రి

కోపం ఇంకా దిగలేదు. చల్లపల్లి వైపు పొలాల్లో పురుగుమందు కొట్టేవాళ్ల రక్తంలో తెల్ల కణాలు ఉబ్బుతున్నాయని మా పీహెచ్‌డీ గైడ్ సర్ పరిశోధన పేపర్ రాసేశారు. మా ల్యాబ్ మెషీన్ ఒక్కో కణాన్ని ఫొటో తీసి, సైజు కొలిచి, గ్రాఫు గీస్తుంది. ఆయన గ్రాఫు ఒక్కటే చూశారు. ఈరోజు మధ్యాహ్నం నేను ఫొటోలు తెరిచాను. పెద్ద కణాలనుకున్నవి చాలావరకు ఒకదానికొకటి అతుక్కున్న రెండేసి కణాలు. మెషీన్ రెండింటినీ కలిపి ఒకటిగా కొలిచింది. చల్లపల్లిలో తీసిన ఆ రక్తం ట్యూబులు పూటంతా బస్సులో కుదుపులు తిని వచ్చాయి. పోల్చడానికి తీసుకున్న మా స్టాఫ్ రక్తమేమో ల్యాబ్‌లోనే తీసి వెంటనే మెషీన్‌లో పెట్టాం. తేడా రాక ఏమవుతుంది?

చూపిస్తే సర్ తలైనా ఎత్తలేదు. “గ్రాఫు బాగానే వచ్చింది కదమ్మా. ఫొటోలు ఎవరడుగుతారు?”

“నేనడుగుతున్నానండి.”

“పేపర్లో నీ పేరు కూడా ఉంది, గుర్తుపెట్టుకో.”

ఒళ్లు మండిపోయింది. దారంతా ఆయన్ని తిట్టుకుంటూనే ఇంటికొచ్చాను. రాగానే మరియమ్మగారు ఫోన్ చేశారు. చల్లపల్లిలో మాకు రక్తం ఇచ్చినవాళ్లలో ఆవిడొకరు.

“మేడంగారూ, నా కణాలు ఉబ్బాయన్నారు కదండీ. అప్పట్నుంచి భయమేసి పనికెళ్లట్లేదండి. మందేమన్నా ఉందాండి?”

రేపు చెప్తానండి అని పెట్టేశాను.

ఆవిడకు ఆ మాట చెప్పింది సర్ కాదు. పోయిన నెల గ్రాఫు చూసి నేనే చెప్పాను. ఫొటోలు అప్పుడు నేనూ తెరవలేదు.