హంస కాదు, బాతు

చంపక్కుళం

చిరంజీవి లిస్సీకి,

ప్రభువుకి స్తోత్రం. ఇక్కడ నేనూ, మీ నాన్నా, మీ అమ్మ బాతులూ క్షేమం. అక్కడ నువ్వూ అల్లుడూ కుశలమే కదా. నా మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగావు. అది నాకంటే మొండిది, పోనంటోంది.

ఇక నీ అసలు ప్రశ్న. అమ్మ సమాధి రాయి మీద నాన్న పద్యం చెక్కించాలా వద్దా అని అడిగావు. ఏడాది ప్రార్థనకి ఇంకా మూడు వారాలే ఉంది. ఫాదర్ గారేమో కూతురి మాట వస్తేగాని ఉలి తాకనివ్వనంటున్నారు.

ఆ పద్యం నీకు పంపాడో లేదో. మల్లెల జడ వాడిందట, ఒడ్డున ఒంటరి పడవ మిగిలిందట, తన హంస ఎగిరిపోయిందట. లైబ్రరీ సభలో మీ నాన్న కళ్లు మూసుకుని చదివితే పెద్దమనుషులంతా తలలూపారు. నాకు ఒళ్లు మండింది. మన ఇళ్లలో జడలో మల్లెలు పెట్టుకున్నదెవరు? నా చెల్లెలు రీత్త తలకి తువ్వాలు చుట్టుకుని, ముప్పై ఏళ్లు మోకాలి లోతు బురదలో బాతుల్ని మేపింది. ఆ బురదలోనే ఎలుకజ్వరం తగిలి పోయింది. ఎలుకజ్వరం కవిత్వానికి పనికిరాదు కాబోలు! ఈ కవులందరి దగ్గరా ఒకటే మూట ఉంది. ప్రేమకి మల్లెపువ్వు, చావుకి ఖాళీ పడవ. ఎవరి పెళ్లాం పోయినా అందులోంచే తీస్తారు.

మొన్న వెళ్లి మీ నాన్ననే అడిగేశాను.

"ఏమయ్యా కురువిళా, హంసేంటి? హంస తీసేసి బాతు అని పెట్టు. నేనే దగ్గరుండి చెక్కిస్తాను."

"బాతంటే నలుగురూ నవ్వుతారు వదినా. ఛందస్సు కూడా చెడుతుంది."

"నిన్ను పోషించి దాని నడుమే పడిపోయింది. నీ ఛందస్సు చెడితే కొంపలేం మునగవులే!"

పద్యం కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత మెల్లగా, "రీత్త బాతుల్ని ఏమని పిలిచేది వదినా? నేను పిలిస్తే రావట్లేదు" అన్నాడు. ముప్పై ఏళ్లు ఒకే కప్పు కింద బతికిన మనిషి, అది నన్నడుగుతున్నాడు!

లిస్సీ, ఒక మాట నీ దగ్గర ఏడాదిగా దాచాను. జ్వరం రావడానికి ముందు మీ అమ్మ ఆయన్ని, "నా మీద ఒక్క పద్యం రాయకూడదూ?" అని అడిగిందట. "ఎదురుగా ఉన్నదాని మీద ఏం రాస్తాం? లేనిదాని మీదే కవిత్వం వస్తుంది" అన్నాడట. అది నాతో చెప్పి, "అయితే నేను పోవాలన్నమాట అక్కా" అంది. నేను పగలబడి నవ్వాను. దాని ముఖం కేసి కూడా చూడలేదు. ఇప్పుడు మీ నాన్నని తిట్టినప్పుడల్లా ఆ నవ్వు నాకే గుచ్చుకుంటోంది.

అందుకే పద్యం అసలే వద్దని చెప్పలేను. అది అడిగింది ఆ ఒక్కటే. నువ్వు ఫాదర్ గారికి ఇలా రాయి: ప్రస్తుతానికి పేరు చెక్కించి, కింద జాగా వదిలేయమను. అమ్మ బాతుల్ని పిలిచే పిలుపు మీ నాన్నకి నేర్పాను. రోజూ పొద్దున్నే పొలం గట్టు మీద నిలబడి పిలుస్తున్నాడు. ఇంతవరకూ ఒక్క బాతూ తలెత్తలేదు. అవి వచ్చిన రోజున ఆయన ఏం రాస్తే అది చెక్కిద్దాం.

ఇట్లు,
నీ పెద్దమ్మ
ఏలిక్కుట్టి