పంచుకున్న వస్తువు తెరవబడుట లేదు

మరదలు పిల్లకి,

బావ దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం, నీ ప్రోగ్రాం తప్ప.

నువ్వు సి భాషలో రాసి పంపిన తూకం ప్రోగ్రాంని లారీ కాటా గదిలో కంప్యూటర్‌కి ఎక్కించి నొక్కాను. తెర మీద ఇంగ్లీషులో ఒక్క ముక్క రాసి కూర్చుంది. డిక్షనరీ పెట్టుకుని విప్పాను: "పంచుకున్న వస్తువు తెరవబడుట లేదు." మా అన్నకీ నాకూ ఉమ్మడిగా మిగిలింది ఒక్క ఇనప బీరువా. రెండు తాళాలు. ఒక తాళంచెవి మీ అక్క గుప్పిట్లో, రెండోది మా వదిన గుప్పిట్లో. ఆరేళ్లుగా వాళ్ల మధ్య మాటల్లేవు. ఈ సంగతి కంప్యూటర్‌కి ఎవరు మోశారు?

సోమవారం తూనికల ఇన్‌స్పెక్టర్ వస్తాడు. అన్నీ సరిగ్గా లేకపోతే కాటాకి సీలు వేసి పోతాడు.

ఇట్లు,
కాటా బావ

తా.క. ఫోన్ చెయ్యకు. నా చెవులు విన్నది మీ అక్క నమ్మదు. కాగితం మీద రాయి.

---

బావకి,

నమస్కారం. బీరువా జోలికి వెళ్లకు.

ప్రోగ్రాం ఒంటరిగా పని చెయ్యదు. తోడుగా లైబ్రరీ అని ఇంకో ఫైలుంటుంది. నాలుగైదు ప్రోగ్రాములు దాన్నే పంచుకుంటాయి. అది కనపడకపోతే అలాగే మొరాయిస్తుంది. ఆ ఉమ్మడిది ఎక్కడుందో చూసి తెరుచుకునేలా చెయ్యాలి. లేకపోతే కాటా నడవదు.

తొందరలో ఉన్నాను.

నీ మరదలు

తా.క. లైబ్రరీ అన్నానని పుస్తకాల దగ్గరికి పోకు. నీ సంగతి నాకు తెలుసు.

---

ఇంజనీరు మరదలికి,

నీ ఉత్తరం అందింది. మొదటి వరస మీద టీ ఒలికింది. మిగతాది మీ అక్కనీ, మా వదిననీ నిలబెట్టి చదివి వినిపించాను. "ఆ ఉమ్మడిది తెరుచుకునేలా చెయ్యాలి. లేకపోతే కాటా నడవదు." చదువుకున్న పిల్ల రాసింది కదా అని ఇద్దరూ తాళంచెవులు తెచ్చారు.

"ముందు ఆవిణ్ణి తిప్పమను," అంది మీ అక్క నాతో.

"నాకేమన్నా చెవుడా? ఆ ముక్క నాతోనే అనొచ్చుగా!" అంది వదిన.

ఇక రెండు గంటలు ఆగలేదు. ఆరేళ్ల తిట్లూ తిట్టుకుని, చివరికి ఇద్దరూ కలిసి నన్ను తిట్టారు. బీరువా తెరుచుకుంది. వెళ్లి నొక్కితే ప్రోగ్రాం పరుగెత్తింది! నీ చదువే చదువు.

ఇట్లు,
సీలు పడని బావ

తా.క. బీరువాలో కాటా సర్టిఫికెట్ కూడా కనపడింది. ఇన్‌స్పెక్టర్ వస్తూనే అడిగింది అదే. ఎలా కలిసొచ్చిందో చూడు!

---

బావకి,

నమస్కారం పెట్టడం లేదు.

నీకు పంపిన ప్రోగ్రాం ఎలా కట్టానో ఇవాళ తీరిగ్గా తీసి చూశాను. నీ కంప్యూటర్ ముసలిది కదా అని లైబ్రరీలో సరుకంతా ప్రోగ్రాం లోపలే కలిపి కట్టేశాను. స్టాటిక్ లింకింగ్ అంటారు. అలా కట్టింది బయట ఏ ఉమ్మడి ఫైలునూ అడగదు. అడగమని బతిమాలినా అడగదు.

అంటే ఆ ముక్క తెర మీద రాలేదు. నిరుడు ఇంకేదో ప్రోగ్రాం మొరాయించినప్పుడు రాసి దాచుకుని ఉంటావు. సర్టిఫికెట్ కావాలి, తాళాలు తియ్యండి అని నువ్వడిగితే ఇద్దరూ కదలరు. అందుకని నా చేత రాయించావు. ఏడో క్లాసు రెండుసార్లు తప్పినవాడి అబద్ధానికి ఇంజనీరునై ఉండి సంతకం పెట్టాను.

నీ మరదలు

తా.క. ఇదంతా అక్కకీ, మీ వదినకీ రాసేశాను. ఇద్దరికీ కలిపి ఒకటే ఉత్తరం. ఇప్పుడు మాటలున్నాయిగా, పంచుకుంటారు.