ఒక రోజు డబ్బా

బర్మామైన్స్,
ఆదివారం

అల్లుడుగారు సౌరభ్‌కు మామయ్య ఆశీస్సులు.

అల్లుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి మాట అనకూడదంటారు. అందుకే కాగితం మీద అంటున్నాను.

నా కిడ్నీలు ఇంకా ఎంత పనిచేస్తున్నాయో, వారానికి రెండు డయాలిసిస్‌లు చాలో, మూడు కావాలో, ఒక రోజంతా వచ్చిన మూత్రం కొలిచి చెప్తానన్నాడు డాక్టరు. డెబ్బైనాలుగేళ్ళవాణ్ణి, సిగ్గు విడిచి డబ్బాలో పట్టాను. ఆ సాయంత్రమే మీరు మీ అమ్మానాన్నలను మా ఇంటికి తీసుకొచ్చారు. బాత్‌రూములో వాసనొస్తోందని సగం పారబోశారు. కొలత తక్కువొచ్చింది. డాక్టరు మూడు రాశాడు. పక్కన నిలబడి "తీన్ బార్ హీ అచ్ఛా హై" అన్నదీ మీరే!

డయాలిసిస్ సూది గుచ్చిన రోజు నేను మనిషిని కాను. చీకటి పడేదాకా గోడవైపు తిరిగి పడుంటాను. రెండు నెలలుగా వారానికి ఇంకో రోజు అలా తగలబడింది. అన్నిటికన్నా ఒళ్ళు మండేదేమిటంటే, మీరు పారబోయడం మీ అత్తగారు చూసింది. నిన్న నోరు జారింది. నిలదీస్తే, "అల్లుడు సిన్నబోతాడని ఊరుకున్నానండి, ఏటి సెయ్యమంటారు?" అంది. మీ మర్యాద కోసం నా చెయ్యి సూదులు తిన్నదన్నమాట.

డాక్టరుకు ఫోను చేసి నిజం చెప్పాను. మళ్ళీ కొలుద్దామన్నాడు. రేపు పొద్దున్నుంచి డబ్బా ముందుగదిలో, మీరు కూర్చునే కుర్చీ పక్కనే ఉంటుంది. మీ అమ్మానాన్నలతోనే రండి, టీ ఇస్తాం.

డబ్బా మాత్రం ముట్టుకోకండి.

మీ మామయ్య